నీళ్లు పడని నేల

పల్నాడులో ఇల్లు కట్టుకునేవాళ్లు ద్వారబంధానికి ఏ టేకు తేవాలా అని నెలల తరబడి తర్జనభర్జన పడేవాళ్లు. నేల గురించి మాత్రం అంత ఆలోచన ఉండేది కాదు. మాచర్ల వైపు నుంచో దాచేపల్లి వైపు నుంచో నాపరాళ్లు వచ్చి వాకిట్లో దిగేవి. మేస్త్రి వాటిని పరిచి, సందులు పూడ్చి, పాలిష్ పట్టించి వెళ్లేవాడు. ఇప్పుడు ఇంటి యజమాని ఫోన్ తీసి తేనెరంగు చెక్కపలకల బొమ్మ చూపిస్తున్నాడు, పడగ్గదికి ఇదే కావాలంటున్నాడు. పని తెలిసిన మేస్త్రి అయితే ధర చెప్పేముందు ఒక సంగతి అడుగుతాడు: “మీ ఇంట్లో నేల కడుగుతారా అండీ, తుడుస్తారా?”

అసలు కిటుకంతా ఆ ప్రశ్నలోనే ఉంది.

తెలుగువాళ్ల ఇల్లు నీళ్లు పోసి కడగడానికి కట్టిన ఇల్లు. పండగ ముందురోజు బకెట్లకొద్దీ నీళ్లు గుమ్మరించి, చీపురుతో తోసి, గోడ అడుగున వదిలిన తూములోంచి బయటికి పంపేస్తారు. అందుకే నేలకి ఆ వైపు కాస్త వాటం ఇస్తారు. చెక్కనేలకి వాటంతో పనిలేదు, చదును కావాలి. రెండు మీటర్ల బద్ద పెట్టి చూస్తే కింద సందు మూడు మిల్లీమీటర్లు దాటకూడదు. దాటితే పలక కింద బోలు మిగిలి, అడుగు వేసినప్పుడల్లా కిర్రుమంటుంది, కొన్నాళ్లకు అతుకు విరుగుతుంది.

రాయి ఈ సీమకి ఎంత సహజమో ఎత్తిపోతల జలపాతం దగ్గర నిలబడితే కనిపిస్తుంది. చంద్రవంక, నక్కలవాగు, తుమ్మలవాగు కలిసి డెబ్బై అడుగుల ఎత్తు నుంచి దూకేచోట కొండచరియ పొరలు పొరలుగా ఉంటుంది. నాపరాయిగా పరిచే పల్నాడు సున్నపురాయి కూడా పొరల రాయే. కడప జిల్లా నార్జి ఊరి పేరుతో భూగర్భశాస్త్రజ్ఞులు పిలిచే ఈ రకం, పొర వెంట ఉలి పెడితే పలకగా లేస్తుంది. ఈ సీమ సున్నపురాయే పిడుగురాళ్ల బట్టీల్లో సున్నమవుతుంది, మాచర్లలో సిమెంటవుతుంది. మూడు, నాలుగు శతాబ్దాల్లో విజయపురి నుంచి ఏలిన ఇక్ష్వాకుల కాలపు బౌద్ధ శిల్పాలు కూడా పల్నాడు సున్నపురాయివే. నాగార్జునసాగర్ నీళ్లలో మునిగిపోకుండా తరలించి తిరిగి కట్టిన కట్టడాలు దగ్గర్లోని అనుపులో ఉన్నాయి.

కలప అందుబాటులో లేక కాదు. పక్కనే నల్లమల ఉంది. కానీ టేకు తలుపులకీ దూలాలకీ అటకలకీ వెళ్లిందే తప్ప కాళ్ల కిందకి రాలేదు. చెదల భయం ఒకటి, నీళ్ల అలవాటు ఇంకొకటి. మూడోది ఎండ. వేసవి వార్తల్లో రెంటచింతల పేరు వినపడని ఏడాది దాదాపు ఉండదు. ఆ ఎండల్లో పైకప్పు సెగలు కక్కుతున్నా, నాపరాయి మీద దుప్పటి కూడా పరచకుండా పడుకునేవాళ్లున్నారు.

కలపకి ఈ ఎండతో వేరే పేచీ ఉంది. చెట్టు కొట్టి ఎన్నేళ్లయినా చెక్క గాలిలో తేమని పీలుస్తూ వదులుతూనే ఉంటుంది. పొడవులో తేడా నామమాత్రం, వెడల్పులోనే అసలు కదలిక. మే నెలలో పలకలు ముడుచుకుని సందులు విడతాయి, వానాకాలంలో ఉబ్బి ఒకదాన్నొకటి తోసుకుంటాయి. అందుకే గోడ చుట్టూ పది మిల్లీమీటర్ల ఖాళీ వదిలి, దాన్ని స్కర్టింగ్‌తో కప్పుతారు. ఆ ఖాళీ లేకపోతే గది నడుమ నేల గూనిలా పైకి లేస్తుంది. పలకల పెట్టెలు రాగానే బిగించకుండా, అదే గదిలో రెండు మూడు రోజులు ఉంచాలన్నదీ ఇందుకే.

అంతకన్నా ముందు కింద కాంక్రీటు ఆరిందో లేదో చూడాలి. దీనికి ఖరీదైన పరికరం లేకపోయినా ఓ మోస్తరు పరీక్ష ఉంది. రెండడుగుల పాలిథీన్ ముక్కని నేలమీద పరిచి నాలుగంచులా టేపు వేసి, మర్నాడు తీసి చూడాలి. అడుగున చెమ్మ పట్టినా, కాంక్రీటు నల్లబడినా ఇంకా ఆగాల్సిందే. గృహప్రవేశం ముహూర్తం దగ్గరపడిందని తొందరపడితే, తడి పలకల అడుగున చిక్కుకుపోతుంది.

కొట్లో “వుడెన్ ఫ్లోరింగ్” అని చూపించేవన్నీ ఒకటి కావు. పద్దెనిమిది మిల్లీమీటర్ల అసలు కలప పలకని గీతలు పడ్డప్పుడల్లా గీకి, మళ్లీ పాలిష్ వేయొచ్చు, అలా తరం దాటుతుంది. ఇంజినీర్డ్ పలకలో పైన మూడు నాలుగు మిల్లీమీటర్లే అసలు కలప, కింద ప్లైవుడ్ పొరలు. దాన్ని మహా అయితే ఒకటి రెండుసార్లు గీకొచ్చు. లామినేట్‌లో పైన కనిపించేది చెక్క బొమ్మ అచ్చువేసిన కాగితం, కింద నొక్కిన కలపపొట్టు. అది అరిగితే మార్చడమే. ధర అడిగేముందు పైపొర మందం అడగాలి.

అమెరికాలో స్థిరపడ్డ తెలుగువాళ్లలో చాలామందికి చెక్కనేల రోజువారీ సంగతి. అక్కడ ఇళ్ల చట్రమే చెక్కది. చెప్పులు గుమ్మం దగ్గరే విడిచే మన అలవాటు దానికి మహా మేలు చేసింది, ఎందుకంటే పైపూతకి మొదటి శత్రువు చెప్పుల అడుగున అంటుకొచ్చే ఇసుక. నీళ్ల అలవాటునే మార్చుకోవాల్సి వచ్చింది. తడిబట్టని గట్టిగా పిండి తుడవాలి, పడ్డ నీటిచుక్కని వెంటనే ఒత్తేయాలి. హోమగుండం కింద ఇటుకలు, రేకు పరవకుండా గృహప్రవేశం జరగదు.

అలాగని రాయికి ఏ జాగ్రత్తా అక్కర్లేదనుకుంటే పొరపాటు. నాపరాయి నీళ్లకి జంకదు, పులుపుకి జంకుతుంది. సున్నపురాయి కాబట్టి నిమ్మరసం, చింతపండు పులుసు పడి కాసేపు ఉంటే పాలిష్ తిని మచ్చ వదులుతాయి. బాత్‌రూమ్ యాసిడ్ పోస్తే మెరుపు మొత్తం పోతుంది. దీపపు కుందిలోంచి కారిన నూనెనీ రాయి పీల్చుకుంటుంది.

ఈ కాలమ్ రాసే మనిషి ఓటు వంటింటికీ హాలుకీ నాపరాయికే. మేడ మీద పడగ్గదిలో చెక్క వేయించుకుంటే తప్పులేదు. అక్కడ నేల తడి, చెదల బెడద కింది గదులంత ఉండదు. వేయించేవాళ్లు లెక్కకి మించి రెండు పెట్టెలు కొని అటక మీద దాచుకోవడం మంచిది. నాలుగేళ్ల తరవాత ఒక పలక పాడైతే, అదే రంగు మళ్లీ కొట్లో దొరుకుతుందన్న భరోసా లేదు.