ప్రయోగమా? తంతా?

మన ఆరు, ఏడు, ఎనిమిది తరగతుల విజ్ఞానశాస్త్ర పుస్తకముల పుటలు త్రిప్పినచో పలుతావుల ‘కృత్యము’ అను శీర్షిక కానవచ్చును. బాలుడు వల్లెవేయుట మాని తానై చేసి తెలిసికొనవలెనని దాని యుద్దేశము. ఉద్దేశము మంచిదే. కాని కృత్యము క్రిందనే, తరచు మరుసటి వాక్యముననే, దాని ఫలితము గూడ అచ్చయి యుండును. సొమ్ము చేతికిచ్చి దొంగను పట్టుమన్నట్లున్నది.

ఒక్క ఉదాహరణము చాలును. పళ్లెములో నీరు పోసి, నడుమ క్రొవ్వొత్తి వెలిగించి, దానిపై గాజుగ్లాసు బోర్లించుట బడులలో తరతరములుగా జరుగుచున్న ప్రయోగము. దీపమారును, నీరు గ్లాసులోని కెక్కును. గాలిలో ఐదవవంతు ప్రాణవాయువనియు, అది కాలిపోగా ఆ చోటికి నీరు వచ్చినదనియు ఉపాధ్యాయుడు చెప్పును, పిల్లలు వ్రాసికొందురు. వారిని ఊరక చూడనిచ్చినచో నేమగును? గ్లాసు బోర్లించునపుడు అంచున బుడగలు వెలువడుట నొకడు చూచును. దీపము వెలుగుచున్నంతసేపు నీరు కొంచెమే కదలి, ఆరిన పిమ్మటనే వడిగా నెక్కుట వేరొకడు చూచును. మూడు వత్తులు పెట్టిన నీరు మరింత యెక్కుచున్నదే, గాలిలో ప్రాణవాయువు పెరిగినదా యని యొక బాలిక యడుగును. ఆ ప్రశ్న ముందు పాఠములోని సమాధానము నిలువదు. వేడికి వ్యాకోచించిన గాలి కొంత బయటికి పోయి, మిగిలినది చల్లారి సంకోచించుటయే నీరెక్కుటకు ముఖ్యకారణము. ప్రాణవాయువు పూర్తిగా వ్యయము కాకమున్నే దీపమారును; కాలినదానికి మారుగా బొగ్గుపులుసు వాయువును పుట్టును. గాలిలో ఐదవవంతు ప్రాణవాయువనుట సత్యమే. ఈ ప్రయోగము మాత్రము దానికి సాక్ష్యము కాదు. నిజమును దొంగసాక్ష్యముతో నిలబెట్టుట పదకొండేండ్లవానికి నేర్పుట స్వల్పదోషమా?

వేరొక విధముగ బోధింపవచ్చునని మన దేశముననే చూపినవారు గలరు. మధ్యప్రదేశములోని హోషంగాబాదు జిల్లాలో (2022 నుండి దాని పేరు నర్మదాపురము) కిశోర్ భారతి, రసూలియాలోని ఫ్రెండ్స్ రూరల్ సెంటర్ అను రెండు సంస్థలు 1972లో 16 మాధ్యమిక పాఠశాలలలో ప్రారంభించిన విజ్ఞానబోధన 1978లో జిల్లా యంతటికి వ్యాపించెను. 1982లో నేర్పడిన ఏకలవ్య సంస్థ దానిని పెంపొందించెను. వారి ‘బాల్ వైజ్ఞానిక్’ పుస్తకములు ప్రశ్నలు వేయును, సమాధానములు చెప్పవు. పిల్లలు చిన్నకూటములుగా చేరి, ప్రయోగము చేసి, చూచినది వ్రాసి, తరగతిలో వాదించి తేల్చుకొనవలెను.

ఆ కార్యక్రమమును పొగడువారు అగ్గిపుల్లలు, సైకిలు వాల్వుట్యూబులతో చేసిన చౌకబొమ్మలను పొగడుదురు. దాని ప్రాణము పరీక్షలో నున్నదని నా యభిప్రాయము. అచ్చటి పిల్లలు పుస్తకము తెరచుకొని పరీక్ష వ్రాసిరి. చేతితో చేసి చూపు పరీక్షయు నుండెను. సమాధానములే లేని పుస్తకమును దాచవలసిన పనియేమి? మనము కృత్యములను తెచ్చుకొంటిమి. మార్కులు మాత్రము చాలచోట్ల నేటికిని పాఠములోని వాక్యమునకే. మార్చిలో విలువలేని ప్రశ్నను జూలైలో నే బాలుడడుగును?

శతాబ్దముల శ్రమఫలమైన అణుసిద్ధాంతమును నలుబది నిమిషములలో బాలుడు తిరిగి కనుగొనజాలడని కొందరాక్షేపింతురు. న్యాయమే, చెప్పవలసినవి చెప్పియే తీరవలెను. చెప్పునప్పుడైనను ‘ఇది యెట్లు తెలిసినది?’ అనుటకు చోటుండవలదా? ప్రశ్నోపనిషత్తులో నార్గురు జిజ్ఞాసువులు వచ్చినపుడు పిప్పలాదుడు, ఒక సంవత్సరముండి పిదప నడుగుడు, మాకు తెలిసినచో చెప్పుదుము అనెను. ‘తెలిసినచో’ అనుటకు ఋషి సంకోచింపలేదు. క్రిక్కిరిసిన తరగతియు, ముగింపవలసిన సిలబసును, ఇన్స్పెక్షను భయమును గల ఉపాధ్యాయుని కా మాట పలుకు ధైర్యమెవరిచ్చిరి? హోషంగాబాదులో శిక్షణ శిబిరములును నెలనెలా సమావేశములును కొంత యిచ్చెను.

2002లో మధ్యప్రదేశ ప్రభుత్వమా కార్యక్రమమును నిలిపివేసెను. మన ప్రశ్నపత్రములు కూర్చువారు ఒక్క పత్రమునైనను పుస్తకము తెరచి వ్రాయదగినట్లు కూర్చి చూతురుగాక. ఖర్చేమియు లేదు.