సునామీకి సోలిటాన్ పేరెందుకు?

2004 డిసెంబరు 26 తర్వాత వచ్చిన సునామీ వ్యాసాల్లో ఒక మాట మీకు తప్పక తగిలే ఉంటుంది. సునామీ ఒక సోలిటాన్ అని, అందుకే వేల కిలోమీటర్లు పోయినా దాని రూపం చెడదని. ఎమ్మెస్సీ పట్టా చేతికొచ్చిన కొత్తలో ఒక ఇంగ్లీషు వ్యాసాన్ని తెలుగు చేస్తూ నేనూ ఆ మాటను అలాగే దించేశాను. లెక్క వేసి చూసుకోవాలన్న ఆలోచనే రాలేదు.

ఆ ఆలోచన తెప్పించింది మాయాబందర్ జెట్టీ దగ్గర కలిసిన ఒక పెద్దాయన. శ్రీకాకుళం తీరం నుంచి వచ్చి అక్కడ స్థిరపడినవారు, వేట మానేసి చాలాకాలమైంది. సోలిటాన్ అంటే ఆకారం మారకుండా సాగిపోయే ఒంటి మెట్టలాంటి అల అని నేను వివరిస్తే ఆయన అన్నారు: "మెట్టే వస్తే, కొన్ని సోట్ల ముందు నీరు ఎనక్కి తీసేసిందంటారు కదా, అదెలాగ బాబూ?"

సోలిటాన్ కథ 1834లో ఎడిన్‌బరో దగ్గరి కాలువలో మొదలైంది. ఒంటరి అల ఒకటి కాలువలో పోతుంటే స్కాట్ రస్సెల్ గుర్రం మీద దాన్ని వెంబడించాడు. 1895లో కోర్టెవెగ్, డి వ్రీస్ దానికి సమీకరణం రాశారు. అందులో రెండు ప్రభావాలు పోటీ పడతాయి. ఎత్తయిన భాగం వేగంగా పోయి అలను నిటారు చేయాలని చూస్తుంది. వేర్వేరు పొడవుల తరంగాలు వేర్వేరు వేగాలతో పోయి అలను చెదరగొట్టాలని చూస్తాయి. రెండూ సరిగ్గా తూగితే అల ఆకారం నిలుస్తుంది. 1965లో జబుస్కీ, క్రుస్కల్ కంప్యూటరు మీద ఇలాంటి అలలను ఢీకొట్టించి, అవి ఒకదానిలోంచి ఒకటి దూరి మళ్లీ పాత రూపంతోనే బయటపడటం చూశారు. 'సోలిటాన్' అన్న పేరు పెట్టింది వారే. రెండేళ్లకు గార్డ్‌నర్, గ్రీన్, క్రుస్కల్, మియురా ఇంకో మెట్టు ఎక్కారు. మొదట అల ఏ రూపంలో ఉందో చెబితే దానిలోంచి ఎన్ని సోలిటాన్లు పుడతాయో లెక్కగట్టే పద్ధతి కనిపెట్టారు.

పెద్దాయన ప్రశ్నకు జవాబు ఈ పద్ధతిలోనే ఉంది. నీటి ఉపరితలం మీద ఈ సమీకరణం ఇచ్చే సోలిటాన్ ఎప్పుడూ ఉబ్బెత్తుగానే ఉంటుంది. మొదట పుట్టింది పల్లమైతే దానిలోంచి సోలిటాన్ రానే రాదు, చిన్న చిన్న అలలుగా చెదిరిపోతుంది. 2004లో సముద్రగర్భం పడమటి వైపు లేచింది, తూర్పు వైపు కుంగింది. అందుకే థాయిలాండ్ తీరంలో ముందు నీరు వెనక్కి పోయింది. సోలిటాన్ అని బోధపరచుకున్నవాడు ఆ వెనకడుగును ప్రమాద సూచనగా గుర్తించడు, ఉబ్బు కోసమే చూస్తాడు. పదం తప్పయితే ఏం కొంప మునుగుతుందనే మిత్రులకు ఇదే నా జవాబు.

ఇక కొలతలు. ఆనాడు సునామీ పుట్టిన సుమారు రెండు గంటలకు జేసన్-1 ఉపగ్రహం బంగాళాఖాతం మీదుగా పోతూ కొలిచిన ఎత్తు దాదాపు 60 సెంటీమీటర్లు. లోతు 4,000 మీటర్లు అనుకుందాం. అల ఎత్తు లోతులో సుమారు ఆరున్నర వేల వంతు. అల పొడవు వందల కిలోమీటర్లు. ఇంత చిన్న నిష్పత్తితో ఆ రెండు ప్రభావాలు పోటీకి దిగాలంటే, అంచనా లెక్కకు, లక్ష కిలోమీటర్ల స్థాయి దూరం కావాలి. భూమి చుట్టుకొలతే 40,000. సోలిటాన్ సిద్ధాంతాన్ని కట్టినవారిలో ఒకరైన హార్వే సెగర్ 2007లో, కాన్‌స్టాంటిన్, హెన్రీ 2009లో ఇదే వాదన వినిపించారు. వారి విమర్శ మన వ్యాసాల దాకా రాకపోవటం విచారకరం. రూపం నిలవటానికి అసలు కారణం మామూలుది: అంత పొడవాటి అలలన్నీ లోతును బట్టి ఒకే వేగంతో, గంటకు 700 కిలోమీటర్ల చొప్పున, పోతాయి.

విచిత్రమేమంటే, సోలిటాన్‌కు ప్రసిద్ధమైన ఉదాహరణ మాయాబందర్ తూర్పు తీరం చూసే సముద్రంలోనే ఉంది. ఉన్నది నీటి అడుగున. పైన వెచ్చని తేలిక నీరు, కింద చల్లని బరువు నీరు. ద్వీపాల మధ్యనున్న గట్ల మీదుగా పోటుపాట్లు దాటినప్పుడు ఈ రెండింటి సరిహద్దులో అలలు పుడతాయి. ఎక్సాన్ చమురు సంస్థ పరిశోధకులు ఆస్‌బోర్న్, బర్చ్ 1980లో 'సైన్స్' పత్రికలో వీటి కొలతలు ప్రచురించారు: ఎత్తు 60 మీటర్ల దాకా, వేగం సెకనుకు సుమారు రెండు మీటర్లు. పై పొర మందం కొన్ని వందల మీటర్లే కాబట్టి ఇక్కడ నిష్పత్తి వేల వంతు కాదు, పావు వంతు దరిదాపు. సోలిటాన్ తయారవటానికి పదుల కిలోమీటర్లు చాలు. పై పొర పలుచన కనుక ఈ అల ఉబ్బెత్తు కాదు, కిందికి దిగిన పల్లం! పైన కనిపించేది గాలి లేకపోయినా గలగలలాడే నీటి పట్టీ మాత్రమే. మా పెద్దాయనకు ఆ పట్టీలు తెలుసు. మీవాళ్లు దాన్ని ఏమంటారని అడిగితే, "పేరెందుకు బాబూ, కాసేపటికి దాటిపోతాది" అన్నారు.

ఆ 1980 వ్యాసాన్నీ విమర్శ లేకుండా వదలకూడదు. వారి పరిశీలన అమూల్యం, కాని శీర్షికలోనే 'సోలిటాన్లు' అని తేల్చేశారు. ఆకారం, వేగం సమీకరణానికి సరిపోవటం ఒకటి, ఢీకొని చెక్కుచెదరకుండా బయటపడటం ఇంకొకటి. పైగా చిన్న అలలకోసం రాసిన సమీకరణాన్ని పొరలో పావు వంతు ఎత్తున్న అలకు వాడటం దాని హద్దు దాకా లాగటమే. తర్వాతివారు పెద్ద అలలకు వేరే సమీకరణాలు వెతుక్కున్నది అందుకే.

సునామీ పక్షాన ఒక మాట ఒప్పుకుంటాను. తీరం చేరాక, లోతు తగ్గి ఎత్తు పెరిగాక, అల ముందు భాగం చిన్న అలల వరుసగా చీలవచ్చు. 1983లో జపాన్ సముద్రపు సునామీలో ఇది కనిపించింది. అక్కడ సోలిటాన్ గణితానికి కొంత పని ఉంది. నడిసముద్రంలో లేదు. హైదరాబాదులోని ఇన్‌కాయిస్ సంస్థ 2007లో ప్రారంభమైన హెచ్చరిక కేంద్రం కోసం చిన్న చిన్న మూలాల నుంచి పుట్టే అలలను ముందే లెక్కించి దాచుకుంది. భూకంపం రాగానే తగినవాటిని ఎంచి, హెచ్చించి, కూడుతుంది. అలా కూడటం నడిసముద్రపు సునామీ సోలిటాన్ కాదు కాబట్టే కుదురుతుంది. రెండు సోలిటాన్లను కూడితే వచ్చేది ఆ సమీకరణానికి జవాబు కాదు.