ఆ గుర్తు దేనితో కలిసిపోతుంది?

గుర్తు గీయడానికి కూర్చున్నవారు మొదట ఆలోచించేది, ఈ బొమ్మ దేన్ని తలపిస్తుందని. దీన్ని దేనితో పొరబడే వీలుందన్నది అంతకంటే ముందు ఆలోచించాల్సిన సంగతని నా నమ్మకం. మన ఎన్నికల గుర్తులే అందుకు రుజువు. 1951-52లో తొలి సార్వత్రిక ఎన్నికల నాటికి దేశంలో అక్షరాస్యులు నూటికి ఇరవైమంది కూడా లేరు. సుకుమార్ సేన్ సారథ్యంలోని ఎన్నికల సంఘం ఒక్కో అభ్యర్థికి ఒక్కో పెట్టె పెట్టి, దానిమీద గుర్తు అంటించింది. బ్యాలెట్ కాగితాన్ని నచ్చిన పెట్టెలో వేస్తే చాలు. కాడెద్దులు, గుడిసె, దీపం, చెట్టు, కంకి-కొడవలి అన్నీ పల్లెలో రోజూ కంటబడేవే. అంతకు మించి, ఏ రెండూ ఒకదానిలో ఒకటి కలిసేవి కావు.

ఆ బొమ్మల్లో అర్థం ముందే ఉందనుకోవడం సరికాదు. ఆ ఎన్నికల్లో చెయ్యి ఫార్వర్డ్ బ్లాక్‌లోని రుయికర్ వర్గానిది, కాడెద్దులు కాంగ్రెస్‌వి. 1969 చీలిక తర్వాత ఇందిరాగాంధీ వర్గం ఆవు-దూడ గుర్తుకు మారి, 1978లో హస్తం తీసుకుంది. అదే చెయ్యికి ఇవాళ వేరే అర్థం. 1983 ఎన్నికలతో తెలుగునాట సైకిల్ ఒక పార్టీకి మారుపేరైంది. ఆ అర్థం చక్రాల్లో లేదు. గోడరాతలూ ఊరేగింపులూ జనం మాటలూ కలిసి దాన్ని నింపాయి. అలా నింపుకోవడానికి తగిన ప్రత్యేక ఆకారాన్ని ఇవ్వడం వరకే గీసేవారి పని.

ఆ ప్రత్యేకత చెరిగితే ఎంత పేరున్న గుర్తుకైనా ఇబ్బందే. 2022లో మునుగోడు ఉప ఎన్నిక ముందు రోడ్డు రోలర్ లాంటి గుర్తులు తమ కారు గుర్తును పోలి ఉన్నాయని టీఆర్‌ఎస్ అభ్యంతరం చెప్పింది. రోడ్డు మీద ఆ రెంటికీ పొంతనే ఉండదు. ఓటింగ్ యంత్రం మీద మాత్రం రంగు పోతుంది, పరిమాణం పోతుంది. చిన్న గడిలో నల్లగీతల చక్రాలూ పైకప్పూ మిగులుతాయి. చూపు మందగించిన పెద్దలు పొరబడితే తప్పు వాళ్లది కాదు. ఆహార ప్యాకెట్ల గుర్తులదీ ఇదే కథ. శాకాహారానికి ఆకుపచ్చ చుక్క, మాంసాహారానికి గోధుమరంగు చుక్క ఉన్నంతకాలం, ఆ రంగుల తేడా తెలియనివారికి రెండూ ఒకటే. 2020 నిబంధనలు మాంసాహారానికి చుక్క తీసేసి త్రికోణం పెట్టాయి. అర్థం మారలేదు, పొరబడే వీలు తగ్గింది.

చదువు పెరిగింది, 2015 నుంచి యంత్రం మీద అభ్యర్థి ఫొటో కూడా వస్తోంది, ఇంకా గుర్తులెందుకని కొందరంటారు. ఒకే పేరున్నవాళ్లు ఒకేచోట పోటీపడుతున్నప్పుడు చదువొచ్చినవారు కూడా వెతికేది గుర్తునే. ఇంకో వాదన బలమైనదే: దీపానికో చెయ్యికో జనం మనసులో ముందే ఒక భావం ఉంటుంది, అవి ఖాళీ పాత్రలు కావు. నిజమే, కానీ దీపం ఒకరికి పూజామందిరమైతే మరొకరికి కరెంటు లేని ఇల్లు. ఆ భావాలు గీసేవారి చెప్పుచేతల్లో ఉండవు. ఆకారాల మధ్య తేడా మాత్రం పూర్తిగా వారి చేతిలోదే. అందుకే ఏ గుర్తునైనా ఆమోదించే ముందు రంగు తీసేసి, అతి చిన్న సైజులో, దాని పక్కన ఉండబోయే గుర్తులతో కలిపి పెద్దవయసువారికి చూపించాలి. అక్కడ తడబాటు కనబడితే, బొమ్మ ఎంత అందంగా ఉన్నా మళ్లీ గీయాల్సిందే. పొరపాటున నొక్కిన మీటను వెనక్కి తీసుకునే వీలు ఓటరుకు లేదు.