అర మిల్లీమీటరు గాడిలో ఇమిడిన విద్య

పళ్ళకు క్లిప్పులు పెట్టించుకున్న పిల్లలు నవ్వితే ముందుగా కంటపడేది తీగ. అసలు పనితనం మాత్రం ఆ తీగను పట్టుకున్న బ్రాకెట్‌లో ఉంది. పంటికి అతికించిన ఆ చిన్న ముక్క మధ్యలో అడ్డంగా ఒక గాడి ఉంటుంది. దాన్ని స్లాట్ అంటారు. ఎక్కువగా వాడే ఒక కొలతలో దాని ఎత్తు 0.022 అంగుళం, అంటే అర మిల్లీమీటరు పైచిలుకు. పన్ను ఎటు కదలాలో తేల్చేది ఆ గాడే.

ముందు లోపం ఏమిటో తెలియాలి. అమెరికా దంతవైద్యుడు ఎడ్వర్డ్ యాంగిల్ 1899లో పళ్ళ కలయికను మూడు తరగతులుగా విభజించారు. ఆరేళ్ళ వయసులో వచ్చే దవడపన్నును ఆయన గుర్తుగా తీసుకున్నారు. పైపన్ను ముందువైపు బయటి మొన కిందిపన్ను బయటి గాడిలో కూర్చుని, మిగతా పళ్ళు కిక్కిరిసో ఎడమెడంగానో ఉంటే క్లాస్ వన్. కిందిపన్ను వెనక్కి ఉంటే క్లాస్ టూ, ముందుకొస్తే క్లాస్ త్రీ. పై ముందుపళ్ళు కిందివాటికన్నా ఎంత ముందుకున్నాయో చెప్పేది ఓవర్‌జెట్. మనం ఎత్తుపళ్ళు అనేది ఇది ఎక్కువైనప్పుడే. నిలువుగా ఎంత మేర కప్పాయో చెప్పేది ఓవర్‌బైట్. దవడలు మూసినా ముందుపళ్ళు కలవకపోతే ఓపెన్ బైట్. పైపన్ను కిందిదానికి లోపలివైపు పడితే క్రాస్ బైట్.

లోపం తేలాక దాన్ని సరిదిద్దే తీగ సంగతి చూడాలి. గుండ్రటి తీగ గాడిలో గిర్రున తిరిగిపోతుంది. పన్ను పైభాగాన్ని వంచగలదు కానీ ఎముకలో ఉన్న వేరును అదుపు చేయలేదు. యాంగిల్ 1920లలో తెచ్చిన ఎడ్జ్‌వైజ్ పద్ధతిలో గాడీ, తీగా రెండూ నలుపలకలే. నలుపలకల తీగకు ఇచ్చిన మెలిక వేరు దాకా పోతుంది. వైద్యులు టార్క్ అనేది దీన్నే. అయితే ప్రతి పంటికీ తీగను వేరువేరుగా వంచాల్సి వచ్చేది. ఆ భారమంతా వైద్యుడి చేతిమీదే.

తర్వాత మరో అమెరికా దంతవైద్యుడు లారెన్స్ ఆండ్రూస్ ఆ వంపులను బ్రాకెట్‌లోకే చేర్చారు. ఏ చికిత్సా లేకుండానే చక్కగా అమరిన 120 పలువరుసల అచ్చులను పరిశీలించి, మంచి కలయికకు ఆరు లక్షణాలను 1972లో ప్రకటించారు. ఏ పన్ను ఎంత వాలాలో, ఎంత ముందుకు రావాలో ఆ లెక్కంతా ఆ పంటి బ్రాకెట్‌లోనే పొదిగారు. పైవరుస కొరికే పళ్ళలో నడిమి పంటి పక్కది సహజంగా కాస్త లోపలికి ఉంటుంది కాబట్టి దాని బ్రాకెట్‌ను మందంగా చేశారు. అందుకే ఏ పంటి బ్రాకెట్ ఆ పంటిదే. వంపులు లేని తీగ వేసినా పళ్ళు వరుసకొస్తాయి. వైద్యుడి వేళ్ళు చేసే పనిని గాడి కోణంలో దాచిన ఈ ఆలోచన నాకు మహాద్భుతంగా తోస్తుంది.

తీగల వరుసలోనూ అంతే ఒద్దిక. మొదట సన్నని నికెల్-టైటానియం తీగ వేస్తారు. ఎంత వంచినా తిరిగి తన ఆకారానికి వస్తూ పంటిని మెల్లగా లాగుతుంది. తర్వాత గట్టి స్టీలు తీగలు వస్తాయి. వాటిని గాడిలో నిలిపేవి పిల్లలు రంగులు ఎంచుకునే చిన్న రబ్బరు రింగులు. ఒత్తిడి పడినవైపు ఎముక కరుగుతుంది, లాగినవైపు కొత్తది పడుతుంది. ఇలా నెలకు సుమారు ఒక మిల్లీమీటరు కదలిక వస్తుంది. బలం మితిమీరితే పని వేగం కాదు, ఇంకా ఆలస్యమవుతుంది.

క్లిప్పులు తీసేశాక చిగుళ్ళలోని నారలు పళ్ళను పాత చోటికే లాగుతాయి. అందుకే రిటైనర్ ఇస్తారు. వైద్యుడు చీటీమీద రాసిన ప్రతి పదానికీ అర్థం అడిగి తెలుసుకోండి. చెప్పినంత కాలం రిటైనర్ పెట్టుకోండి. ఇంత నాణ్యమైన పనితనాన్ని నిలబెట్టుకునే బాధ్యత చివరికి మనదే.