గింజకు ఆముదం పూత

నిల్వ చేసే కందులు, పెసలు, మినుములు, బొబ్బర్లకు ఆముదం పట్టించడం తెలుగు ఇళ్లలో తరాలుగా ఉన్న అలవాటు. గింజలను బాగా ఎండబెట్టి, చెరిగి, పూత పట్టించి, కుండలోనో డబ్బాలోనో పోసి గట్టిగా మూత పెడతారు. ఈ వరుసలో ఏది తప్పినా గింజ పుచ్చుతుంది.

పప్పుధాన్యాలను పాడుచేసేది ముఖ్యంగా పుచ్చు పురుగు. తల్లి పురుగు గింజ తొక్క మీద గుడ్డును జిగురుతో అతికిస్తుంది. పిల్ల పురుగు గుడ్డు అడుగు నుంచే తొక్కను తొలిచి లోపలికి పోతుంది. పప్పు తిని పెరిగి, దాదాపు నెల రోజులకు గుండ్రటి చిల్లు చేసుకుని రెక్కల పురుగుగా బయటపడుతుంది. ఆ తర్వాత అది గింజ తినదు, గుడ్లు పెట్టి కొద్ది రోజుల్లో చస్తుంది. అంటే పురుగు చేతికి దొరికేది గుడ్డుగా ఉన్నప్పుడు, మళ్లీ పెద్దదయ్యాక మాత్రమే. పూత పనిచేసేదీ అప్పుడే. చిక్కటి ఆముదం తొక్క మీద పల్చటి పొరగా నిలిచి గుడ్డును సరిగా అతుక్కోనివ్వదు, అతుక్కున్నదానికి గాలి అందనివ్వదు.

ఇందుకు ఇళ్లలో వంటాముదం వాడేవారు. ఆముదాలను వేయించి, దంచి, నీళ్లలో మరిగించి, పైకి తేలిన నూనెను తీసేవారు. ఆముదం గింజలో ఉండే రిసిన్ అనే విషం నూనెలో కరగదు, వేడికి విరిగిపోతుంది.

కిలో గింజలకు 5 మిల్లీలీటర్లు, అంటే ఒక టీ చెంచా నూనె చాలు. అరచేతులకు నూనె రాసుకుని, పళ్లెంలోని గింజలను అడుగువి పైకి వచ్చేలా రెండు చేతులా కలియబెట్టాలి. గింజ మెరవాలి గాని నూనె కారకూడదు. వండే ముందు కడిగితే జిడ్డు పోతుంది. బియ్యానికి కూడా ఇలాగే కొద్దిగా ఆముదం రాసే ఇళ్లున్నాయి.

తినే గింజకు పనికిరాని వేప చేదు, విత్తనానికి పనికొస్తుంది. విత్తనాలకు వేపనూనె పట్టిస్తారు. అందులోని అజాడిరక్టిన్ పురుగు ఎదుగుదలను అడ్డుకుంటుంది. గింజల మధ్య ఎండిన వేపాకు, వావిలాకు పొరలుగా వేయడమూ ఉంది. కట్టెల బూడిద కలిపితే అది గింజల సందులు పూడ్చి పురుగును తిరగనివ్వదు. పైగా పురుగు ఒంటి మీది మైనపు పొరను గీకి, ఒంట్లో తడి ఆరిపోయేలా చేస్తుంది. జహీరాబాద్ ప్రాంతంలో దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల మహిళలు చిరుధాన్యాలు, పప్పుల పాత విత్తనాలను బూడిద, వేపాకు వేసి అలికిన బుట్టల్లో దాస్తారు.

కందులకు ఎర్రమట్టి పట్టించడం మరో పద్ధతి. మట్టి నీళ్లతో తడిపి ఎండబెట్టిన కందులకు తొక్క సులువుగా ఊడుతుంది, తిరగలిలో విసిరితే బద్దలవుతాయి. పుచ్చు పురుగు తొక్క ఉన్న నున్నటి గింజనే కోరుకుంటుంది గనుక, కందులను త్వరగా పప్పు చేసుకోవడం కూడా ఒక రక్షణే.

పూతకు హద్దులున్నాయి. గింజలోకి చేరిన పురుగును అది చంపలేదు. చేలో కాయ ముదిరేటప్పుడే గుడ్లు పడతాయి కాబట్టి పూతకు ముందు ఎండ తప్పనిసరి. పప్పుధాన్యాల్లో తేమ 9 శాతం దరికి దిగాలి. పంటితో కొరికితే టక్కున విరగడం దానికి గుర్తు. తడి ఆరని గింజను మూసిపెడితే బూజు పడుతుంది.

గోదాముల్లో వాడే అల్యూమినియం ఫాస్ఫైడ్ పొగ గింజ లోపలి పురుగును కూడా చంపుతుంది. అయితే అది ప్రాణాంతకం, ఇళ్లలో వాడకూడనిది. పొగ పోయాక గింజకు మళ్లీ పురుగు పట్టవచ్చు, పూత మాత్రం నెలల తరబడి అంటిపెట్టుకుని ఉంటుంది. కొద్ది కిలోల పప్పులు, మరుసటి పంటకు కావలసిన విత్తనం దాచుకునే ఇంటికి ఎండ, చెంచా నూనె, బిగువైన మూత సరిపోతాయి.