బెర్లిన్ ఫిల్హార్మోనిక్ చరిత్రలో వాద్యకారుల స్థానం

ఒక సినిమా పాట వినగానే సంగీత దర్శకుడి పేరు చెప్పగలం. అందులో వయొలిన్ ఎవరు వాయించారంటే మాత్రం తెల్లమొహం వేస్తాం. సింఫనీ ఆర్కెస్ట్రాల చరిత్ర రాసినవారిలో చాలామందిదీ ఇదే వరస. బెర్లిన్ ఫిల్హార్మోనిక్ అనగానే బ్యూలో, నికిష్, ఫుర్ట్‌వాంగ్లర్, కరాయాన్ అంటూ రాజవంశావళిలా కండక్టర్లను వరుసపెడతారు. పరీక్షకు గుర్తుంచుకోవడానికి అది సులువే. కాని ఈ ఆర్కెస్ట్రా పుట్టుకే ఆ పద్ధతిని ప్రశ్నిస్తుంది.

1882లో బెంజమిన్ బిల్సె బృందంలోని 54 మంది వాద్యకారులు ఆయనను వదిలి బయటికి వచ్చారు. జీతాలు అంతంతమాత్రం. దానికితోడు వార్సా కచేరీకి నాలుగో తరగతి రైలు పెట్టెల్లో పంపుతారని తెలిసింది. దాంతో యజమాని అక్కరలేని బృందాన్ని తామే ఏర్పాటు చేసుకున్నారు.

ఈ స్వయంపాలన 1934లో పోయింది. అప్పుల్లో మునిగిన ఆర్కెస్ట్రా వాటాలను నాజీ ప్రభుత్వం తీసుకుంది. ఆ తరువాత యుద్ధం వచ్చినప్పుడు వాద్యకారులకు సైనిక సేవ నుంచి మినహాయింపు దొరికింది. యూదుడైన ప్రధాన వయొలినిస్టు షిమోన్ గోల్డ్‌బెర్గ్ 1934లోనే వెళ్లిపోవలసి వచ్చింది. ఈ ఘట్టాన్ని విమర్శకులు ఎక్కువగా ఫుర్ట్‌వాంగ్లర్ దోషా, నిర్దోషా అనే వాదంగా కుదించారు. నా దృష్టిలో అది సగం ప్రశ్న మాత్రమే. పక్క కుర్చీ ఖాళీ అయినా వాయిస్తూనే ఉన్నవారి సంగతేమిటి?

కండక్టర్ల జాబితాలో లియో బోర్షార్డ్‌కు సాధారణంగా ఒక్క వాక్యమే దక్కుతుంది. సొంత హాలు 1944 జనవరిలోనే బాంబుదాడిలో నాశనమైంది. యుద్ధం ముగిసిన కొద్ది రోజులకే, 1945 మే 26న, ఒక సినిమా హాలులో ఆయన కచేరీ చేయించారు. నాజీలు నిషేధించిన మెండెల్సన్ రచనతో దానిని ఆరంభించారు. మూడు నెలలు తిరగకుండానే, ఆగస్టులో, ఒక అమెరికన్ కాపలా సైనికుడి తూటాకు ఆయన బలయ్యారు.

ఇంతవరకు చదివి, వాద్యకారుల స్వయంపాలన ఎప్పుడూ న్యాయం వైపే ఉంటుందని మీరు అనుకోవచ్చు. నేనూ చాలాకాలం అలాగే అనుకున్నాను. అయితే ఈ ఆర్కెస్ట్రాలో కొత్త సభ్యులను చేర్చుకునేది వాద్యకారుల ఓటే. మొదటి మహిళ, వయొలినిస్టు మాడ్లెన్ కారుజో, చేరింది 1982లో, అంటే నూరేళ్ల తరువాత! ఆ రోజుల్లోనే క్లారినెట్ విద్వాంసురాలు సబీనె మేయర్‌ను తీసుకోవాలని కరాయాన్ పట్టుబట్టారు. వాద్యకారుల ఓటింగులో ఆమెకు అనుకూలంగా వచ్చినవి 4, వ్యతిరేకంగా 73. ఆమె నాదం తమతో కలవదన్నది వారు చెప్పిన కారణం.