రాగానికి ముందు మాట: రామనగుడలో ఒక రిహార్సలు

రామనగుడలో బడిపిల్లలు పద్యనాటకం వేస్తున్నారంటే చూడబోయాను. నాటకం ఇంకా కాలేదు. నేను చూసింది రిహార్సలు మాత్రమే. నాటకం చూసి సమీక్ష రాయడం మన పత్రికల్లో మామూలే గాని, రిహార్సలు చూసి రాయడం కొంత వింతగా తోచవచ్చు. కాని పిల్లల నాటకం బాగోగులు తెరలేచిన రోజున తేలేవి కావు. అంతకు ముందటి నెలరోజుల్లోనే తేలిపోతాయి.

వారెత్తుకున్నది బలిజేపల్లి లక్ష్మీకాంతకవి సత్యహరిశ్చంద్రీయంలో వారణాసి ఘట్టం. అప్పు తీర్చడానికి హరిశ్చంద్రుడు ఆలుబిడ్డలను సంతలో అమ్మకానికి నిలబెట్టే ఘట్టమది. హరిశ్చంద్ర వేషధారికి పద్నాలుగేళ్లుంటాయి. గొంతు కమ్మగా ఉంది. హార్మోనియం మాస్టారు శ్రుతి ఇవ్వగానే అందుకున్నాడు, పద్యం చివర రాగం తీశాడు. కూర్చున్నవాళ్లం చప్పట్లు కొట్టాం. అతని చేతిలో నోటుపుస్తకం ఉంది. చూద్దును గదా, పద్యమంతా ఒడియా అక్షరాల్లో ఉంది. "ఈ పద్యానికి అర్థమేమిటి బాబూ?" అని అడిగాను. పిల్లవాడు మాస్టారు వైపు చూశాడు. మాస్టారు హార్మోనియం వైపు చూశారు.

ఈ వ్యాసం ఆ మౌనంలోంచి పుట్టింది.

"పోనీలెండి, ఈ మాత్రమైనా తెలుగు నోట పలుకుతున్నారు గదా" అని మనవాళ్లు సరిపెట్టుకుంటారు. 1936లో ఒడిశా ప్రత్యేక రాష్ట్రమైనప్పుడు కోరాపుట్టు ప్రాంతం విశాఖపట్నం జిల్లానుంచి అటు చేరింది. 1992లో కోరాపుట్టునుంచి రాయగడ వేరు జిల్లా అయింది. ఇన్ని మార్పుల మధ్య బడిలో తెలుగు అందని పిల్లలకు నాటకమే తెలుగు బడి. ఆ మాట నేనూ ఒప్పుకుంటాను. అయితే బడి అన్నాక పాఠం ఉండాలి గదా! అర్థం తెలియని పద్యం పాఠం కాదు, వల్లింపు.

విద్యార్థి నాటకమంటే పెద్దల నాటకానికి చిన్న నకలు అనుకునేవారు ఒక సంగతి గుర్తుంచుకోవాలి. 1880లో రాజమహేంద్రవరంలో కందుకూరి వీరేశలింగం తెలుగు నాటకాన్ని రంగస్థలం ఎక్కించింది తన విద్యార్థులచేతనే. ఇమ్మనేని హనుమంతరావు నాయుడుగారి సమాజంలో వేషాలు కట్టేనాటికి టంగుటూరి ప్రకాశం విద్యార్థే. ఆ సమాజం కోసమే చిలకమర్తి గయోపాఖ్యానం రాశారు. తెలుగు నాటకంలో పాటకు పద్యానికి పెద్దపీట వేసిన ధర్మవరం రామకృష్ణమాచార్యులు బళ్లారి వకీలు. ఆ బళ్లారి 1953లో మైసూరు రాష్ట్రంలో చేరింది. అంటే మన నాటకం పుట్టి పెరిగిన చోట్లలో బడి ఉంది, నేటి సరిహద్దుకు అవతలి ఊరూ ఉంది. రామనగుడ పిల్లలు ఎవరి ఇంటికో చుట్టాలుగా వచ్చినవారు కారు.

ఇక రిహార్సలు సంగతి. మొదటి తప్పు వరుసలో ఉంది. మొదట హార్మోనియం, తరువాత పద్యం, ఆ తరువాత వచనం, తీరిక ఉంటే కథ. ఇది తలకిందుల వరుస. పిల్లలు పద్యం నేర్చింది పాత నటుల రికార్డులు విని. వెనక క్యాసెట్లు, ఇప్పుడు ఫోన్లు. ఆ మహానుభావులు నిలబెట్టిన రాగాన్ని గొంతు మారే వయసు పిల్లవాడు అదే శ్రుతిలో అందుకోబోతే మూడో పద్యానికి గొంతు పగులుతుంది. అదే జరిగింది కూడా. శ్రుతి దించితే పౌరుషం పోతుందని మాస్టారి బెంగ. పౌరుషం శ్రుతిలో ఉండదు, మాట విరుపులో ఉంటుంది. మన పొరుగు ఉత్తరాంధ్ర నటుడు పీసపాటి నరసింహమూర్తి కృష్ణ పాత్రకు పేరు తెచ్చుకున్నది రాగాన్ని సాగదీసి కాదు, భావం వినిపించేలా పద్యం చదివి. అనుకరించాలనుకుంటే ఆ పద్ధతిని అనుకరించాలి.

రెండో సంగతి ఆ నోటుపుస్తకం. తెలుగు పద్యాన్ని ఒడియా అక్షరాల్లో రాసుకోవడం నామోషీ అని నేననను. పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా ఉన్న గిడుగు రామమూర్తి సవరభాషకు తెలుగు అక్షరాల్లోనే పుస్తకాలు తయారుచేశారు. ఒక భాషను మరో లిపి మోయగలదు. అయితే ఆ లిపిలో లేని ధ్వని ఏదో ముందుగా కనిపెట్టాలి. ఒడియాలో ఎ, ఏలకు ఒకటే గుర్తు. ఒ, ఓలకూ అంతే. మనకు నెల వేరు, నేల వేరు. మెడ వేరు, మేడ వేరు. కొన వేరు, కోన వేరు. పైగా ఒడియా పలుకుబడిలో ఇ, ఈల తేడా, ఉ, ఊల తేడా నిలవదు. అకారం ఒకారంవైపు గుండ్రంగా ఒరుగుతుంది.

వచనంలో ఇది యాసగా చెల్లిపోతుంది. పద్యంలో చెల్లదు. ఉత్పలమాల మొదటి గణం భగణం: ఒక గురువు, రెండు లఘువులు. ఆ లఘువుల్లో ఒకటి "నె" అనుకుందాం. పిల్లవాడు "నే" అన్నాడా, గణం చెడింది, గణంతోపాటు నడక చెడింది, నడకతోపాటు అర్థం జారిపోయింది. అప్పుడు ఆ లోటు కనిపించకుండా రాగం కప్పాలి. మన వేదికలమీద రాగం ఇంత పొడుగు కావడానికి ఇదీ ఒక కారణమని నా అనుమానం. మందు చాలా చిన్నది. హ్రస్వమైన ఎ, ఒల మీద ఎర్రసిరాతో ఒక చుక్క పెట్టుకోవాలి. రాగం లేకుండా, చేత్తో గురులఘువులకు తాళం వేస్తూ పద్యం పదిసార్లు చదవాలి. ఆ తరువాత హార్మోనియం పెట్టె మూత తీయవచ్చు.

మూడోది రంగం నడిపించడం. హరిశ్చంద్రుడు పద్యం ఎత్తుకోగానే మైకు ముందుకు వస్తాడు. తక్కినవాళ్లు కొయ్యబొమ్మలవుతారు. లోహితాస్యుడు ఆవులించాడు కూడా. వాడి తప్పేముంది? తండ్రి తనను అమ్ముతున్నాడని వాడికెవరూ చెప్పలేదు! సంతలో పద్యం పాడుతుంటే కొనేవాడు ఏం చూస్తాడు, నక్షత్రకుడు ఎక్కడ నిలబడతాడు, తల్లి చెయ్యి ఎక్కడ ఉంటుంది, ఇవన్నీ దర్శకుడు చెప్పవలసినవి. 1990లలో బి.వి. కారంత్ వచ్చి సురభివారితో పనిచేశారు. తరతరాలుగా వేదికమీద పుట్టి పెరిగిన ఆ కళాకారులే కొత్త దర్శకుడి దగ్గర మళ్లీ సాధనకు కూర్చున్నప్పుడు మనకు నామర్దా ఏమిటి?

ఆ రాత్రి నాకు మిగిలిన మంచి దృశ్యం మాత్రం ఎవరూ నేర్పనిదే. చంద్రమతి వేషం వేసిన అమ్మాయి, తనకు మాట లేని చోట, పిల్లవాడి చిటికెనవేలికి తన కొంగు చివర చుట్టి ముడివేసింది. కాలకౌశికుడు రమ్మన్నప్పుడు ఆ ముడి వెంటనే ఊడలేదు. ఒకప్పుడు మగవారు ఆడవేషాలు కట్టి మెప్పించారు, స్థానం నరసింహారావు అందులో శిఖరం. ఇప్పుడు అమ్మాయిలే ముందుకొచ్చారు. కాని వారికి పద్యాలు తగ్గించి ఏడుపు పెంచుతున్నాం. ఆ ముడి వేసిన పిల్లకు పద్యం ఇచ్చి చూడండి.

చివరిగా ఒక తగువు. నక్షత్రకుడు వేసిన కుర్రాడు బేరం మధ్యలో ఒడియాలో ఒక చమత్కారం విసిరాడు. పిల్లలంతా గొల్లుమన్నారు. ఒక పెద్దాయనకు కోపం వచ్చింది. తెలుగు నాటకంలో ఒడియా ఏమిటన్నారు. నా ఓటు కుర్రాడికే. కాశీ సంతలో అన్ని భాషలూ వినబడతాయి, రామనగుడ సంతలోనూ అంతే. మన ప్రేక్షకుల్లో సగంమంది ఒడియావారు, వారికీ హరిశ్చంద్రుడు తెలుసు. గంజాం ప్రహ్లాద నాటకం, కోరాపుట్టు దేశియా నాటు చూసి పెరిగినవారికి పాటలో కథ చెప్పడం కొత్త కాదు. వచనం అటూ ఇటూ కలవనివ్వండి. పద్యాన్ని మాత్రం చెడనివ్వకండి. ఇల్లు ఇచ్చిపుచ్చుకున్నా నిట్రాట కదలకూడదు గదా.

మర్నాడు పిల్లవాడికి ఆ పద్యం అర్థం చెప్పాను. "అయితే ఇది అమ్మకం పద్యమా? నేను గర్వంగా పాడుతున్నానే!" అన్నాడు. ఆ సాయంత్రం రాగం దానంతటదే సగానికి తగ్గింది. చప్పట్లు పడలేదు. లోహితాస్యుడు ఆవులించనూ లేదు.

నాటకానికి ఇంకా రోజులున్నాయి. మాస్టారికి నా మనవి ఒక్కటే: ఈ వారం హార్మోనియం ఇంట్లోనే ఉంచి రండి.